అడుగుకు ఊతం తాళం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. షుగరు గురించో, బి.పి. గురించో చెబుతానని చాలామంది అనుకొని ఉంటారు. వాటి సంగతి చెప్పే పెద్ద డాక్టర్లు మన ఊళ్లోనే ఉన్నారు. నేను ఫిజియోథెరపీ పని చేసేవాణ్ణి. నడవలేనివారిని నడిపించడం నా వృత్తి. అందుచేత ఈరోజు నడక గురించే మాట్లాడతాను. ముఖ్యంగా పార్కిన్సన్ జబ్బు వచ్చినవారి నడక గురించి, ఆ నడకను ఒక మామూలు టక్ టక్ చప్పుడు ఎంతవరకు చక్కబరచగలదన్న సంగతి గురించి మీకు మనవి చేస్తాను.

పార్కిన్సన్ అనే పేరు కొందరికి కొత్తగా ఉండవచ్చు గాని, జబ్బు పాతదే. మన పల్లెల్లో వణుకుడు జబ్బు అంటారు. ఆయుర్వేద వైద్యులు కంపవాతం అన్నారు. మన యునానీ హకీములు వణుకును రాషా అంటారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఆరుగురు రోగుల తీరు గమనించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన వైద్యశాలకు వచ్చినవారు కారు. వీధిలో నడుస్తూ ఉండగా ఆయన కంట పడ్డవారు. అంటే ఈ జబ్బు నడకలోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుందన్నమాట. తర్వాత షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు దీనికి పార్కిన్సన్ పేరే ఖాయం చేశాడు.

జబ్బు ఎలా వస్తుంది?

మన మెదడు అడుగు భాగంలో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. మెదడులో డోపమైన్‌కు సొంతంగా ఒక పని ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో చూపించాడు. ఆ కృషికే ఆయనకు 2000లో నోబెల్ బహుమానం వచ్చింది. పార్కిన్సన్ రోగుల మెదడులో ఈ డోపమైన్ బాగా తగ్గిపోతుందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ అనే ఆయన కనుక్కొన్నాడు. 1967 నుంచి లీవోడోపా మందు సరైన మోతాదులో వాడుకలోకి వచ్చింది. ఈనాటికీ ఈ జబ్బుకు అదే పెద్ద మందు.

ఆ కణాలు ఎందుకు చచ్చిపోతాయో ప్రతి రోగి విషయంలోనూ చెప్పడం సాధ్యం కాదు. వయసు ఒక కారణం. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యం కూడా ఉంటుంది. ఇది అంటుజబ్బు కాదు, ఎవరి పాపఫలమూ కాదు, ఎవరి దిష్టీ కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే తాయెత్తులకూ తంత్రాలకూ తిరిగి తిరిగి, రెండు మూడేళ్లు పోగొట్టుకొన్నాక డాక్టరు దగ్గరకు వస్తున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

అందరికీ చెయ్యి వణకాలని లేదు. కొందరికి వణుకే ఉండదు. పనులు మందగిస్తాయి. ఒళ్లు బిగుసుకుపోతుంది. రాత చిన్నదైపోతుంది, గొంతు సన్నగిల్లుతుంది. ముఖంలో కదలిక తగ్గుతుంది. అది చూసి ఇంట్లోవాళ్లు, "అబ్బాజాన్‌కు ఈ మధ్య కోపం ఎక్కువైంది, ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడరు" అనుకొంటారు. ఆయనకు కోపమేమీ లేదు. నవ్వే కండరాలు మాట వినడం లేదు, అంతే.

కాళ్లు నేలకు అతుక్కుపోవడం

ఇక నడక సంగతి. అడుగు పొట్టిదవుతుంది. పాదం నేలకు రాసుకుంటూ పోతుంది. చేతులు ఊగడం మానేస్తాయి. నడుము ముందుకు వంగుతుంది. కొందరు చిన్న చిన్న అడుగులతో ముందుకు ఉరికినట్టు పోతారు, ఆగమంటే ఆగలేరు. అన్నిటికంటె కష్టమైనది మరొకటి ఉంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాళ్లు ఆగిపోతాయి. గుమ్మం దగ్గర, మూల తిరిగేటప్పుడు, మంచం పక్క ఇరుకు సందులో, నలుగురూ చూస్తున్నప్పుడు, ఎవరైనా తొందరపెట్టినప్పుడు ఇది ఎక్కువ. కాళ్లకు బలం ఉంది, మనిషికి వెళ్లాలనే ఉంది. కాని పాదాలకు జిగురు పూసినట్టు నేలకు అతుక్కుపోతాయి.

అప్పుడు ఇంట్లో మనం చేసేదేమిటి? "రండి, రండి, ఆటో వెయిట్ చేస్తోంది" అంటూ చెయ్యి పట్టుకొని ముందుకు లాగుతాం. ప్రేమతోనే లాగుతాం. కాని అదే చేయకూడని పని. చెయ్యి లాగితే పైశరీరం ముందుకు వస్తుంది, పాదం మాత్రం వెనకే ఉండిపోతుంది. మనిషి బోర్లా పడిపోతాడు. డెబ్బై ఏళ్ల మనిషి తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి బ్రతుకే మారిపోతుంది. ఆపరేషను, మంచం, అప్పులు, సేవ. ఆ సేవ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. భార్య, కోడలు, కూతురు. ఇది మీకందరికీ తెలిసిందే.

పడిపోవడం ఒక నష్టం. పడిపోతామన్న భయం మరొక నష్టం. నలుగురిలో కాళ్లు ఆగిపోతే సిగ్గు. ముందు పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. తర్వాత బజారు మానేస్తారు. ఆ తర్వాత జుమా నమాజుకు కూడా ఇంట్లోనే ఉండిపోతారు. ముప్పై నలభై ఏళ్లు ఒకే మస్జిదులో ఒకే స్తంభం పక్కన నిలబడి నమాజు చదివిన మనిషి కనిపించడం మానేస్తే, "ముసలితనం" అని మనం సరిపెట్టుకొంటాం. అది అన్నివేళలా ముసలితనం కాదు. కొన్నిసార్లు అది గుమ్మం. ఆ ఒక్క గుమ్మం దాటలేకపోవడం.

చప్పుడు చేసే పని

ఆ గుమ్మం దాటించేందుకు ఉన్న మార్గాల్లో ఒకటి తాళం. అది ఎలా పనిచేస్తుందో కాస్త వివరిస్తాను.

మనం నడిచేటప్పుడు "ఇప్పుడు కుడికాలు, ఇప్పుడు ఎడమకాలు" అని ఆలోచించం. మెదడు లోపలి భాగం ఒకటి ఆ వరస చూసుకుంటుంది. అది మన లోపలి తాళగాడు అనుకోండి. ఒక అడుగు పూర్తికాగానే రెండో అడుగుకు సైగ చేస్తాడు. పార్కిన్సన్ జబ్బులో ఈ తాళగాడు నీరసించిపోతాడు. సైగ ఆలస్యమవుతుంది, చిన్నదవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. కాళ్లు మాత్రం బాగానే ఉంటాయి. అంటే పాటగాళ్లంతా ఉన్నారు గాని, తాళం వేసేవాడు లేడన్నమాట.

ఇప్పుడు బయటి నుంచి ఒక తాళం వేస్తే ఏమవుతుంది? చెవికీ, కదలికకూ మెదడులో దగ్గరి చుట్టరికం ఉంది. క్రమంగా వచ్చే చప్పుడు వింటే, తర్వాతి చప్పుడు ఎప్పుడొస్తుందో మెదడు ముందే ఊహిస్తుంది. ఆ ఊహకు తగినట్టు అడుగు సిద్ధమవుతుంది. చెడిపోయిన రోడ్డును వదిలేసి పక్కనున్న డొంకదారిన బండి వెళ్లినట్టు, నీరసించిన భాగాన్ని తప్పించుకొని వేరే దారుల ద్వారా కదలికకు సైగ అందుతుంది. ఆ దారుల్లో చిన్నమెదడుకు కూడా వంతు ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఇదేదో పరదేశపు వింత అనుకోవద్దు. పనికి తాళం తోడు చేసుకోవడం మన పెద్దలకు బాగా తెలుసు. పల్లకీ మోసే బోయీలు పదం పాడుకుంటూ నడిచేవారు. నలుగురి అడుగులు ఒక్కసారి పడితేనే పల్లకీ ఊగకుండా పోతుంది. రోకళ్లు దంచే ఆడవాళ్లు పాటతోనే దంచేవారు. మన దూదేకుల సోదరులు దూది ఏకుతుంటే వింటినారి మోత వీధి చివరికి వినిపించేది. ఆ మోత ఆగకుండా సమంగా వస్తేనే చెయ్యి అలవకుండా సాగేది. ఆ తాళాన్నే ఇప్పుడు వైద్యులు కొలతపెట్టి జబ్బుకు వాడుతున్నారు.

రోగి కాలిలో ఇంకా ఎంత నడక మిగిలి ఉంటుందో తెలియడానికి ఒక ఉదాహరణ. 2010లో నెదర్లాండ్స్ దేశపు నరాల వైద్యులు ఒక 58 ఏళ్ల పార్కిన్సన్ రోగి సంగతి ప్రకటించారు. ఆయన నాలుగు అడుగులు వేయాలన్నా కాళ్లు అతుక్కుపోయి పడిపోయేవాడు. కాని సైకిలు ఎక్కిస్తే చక్కగా తొక్కుకుంటూ పోయేవాడు. దిగగానే మళ్లీ కాళ్లు ఆగిపోయేవి. పెడలు తిరిగే వరస కాలికి తాళం లాగా అందుతోందని అనుకోవచ్చు. అలాగని మీ ఇంట్లో పెద్దవారిని రోడ్డు మీద సైకిలెక్కించకండి. కాలు చచ్చిపోలేదు, దానికి అందే సైగే చచ్చిపోతోందని చెప్పడానికే ఈ సంగతి చెప్పాను.

పరీక్షించి చూసినవారు ఏమన్నారు?

మెట్రోనోమ్ అని ఒక పరికరం ఉంది. నిమిషానికి ఇన్నిసార్లని పెడితే, అన్నిసార్లు సమంగా టక్ టక్ మంటుంది. సంగీతం నేర్చుకునేవారు వాడుకొంటారు. దానికి 1815లో మేల్జెల్ అనే ఆయన పేటెంటు పుచ్చుకొన్నాడు. పార్కిన్సన్ పుస్తకం వచ్చింది దాని తర్వాత రెండేళ్లకే. కాని ఈ పరికరాన్ని ఆ రోగుల చేతికి పద్ధతి ప్రకారం ఇవ్వడానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది.

1996లో అమెరికాలో మైకేల్ థాట్, ఆయన తోటివారు కలిసి ఒక పరీక్ష చేశారు. కొందరు పార్కిన్సన్ రోగులకు తాళం బాగా వినిపించే టేపులు ఇచ్చారు. ఇంటి దగ్గర రోజూ అరగంట చొప్పున మూడు వారాలు ఆ తాళానికి నడవమన్నారు. మరికొందరిని తాళం లేకుండా అంతే నడవమన్నారు. ఇంకొందరికి ఏ శిక్షణా ఇవ్వలేదు. మూడు వారాల తర్వాత కొలిస్తే, తాళానికి నడిచినవారి వేగం 25 శాతం పెరిగింది. అడుగు పొడవు 12 శాతం పెరిగింది. తాళం లేకుండా నడిచినవారి వేగం 7 శాతమే పెరిగింది. ఏమీ చేయనివారి వేగం 7 శాతం తగ్గింది. నడక మంచిదే, తాళంతో నడక ఇంకా మంచిది, ఊరక కూర్చోవడం నష్టమని ఈ మూడు అంకెలూ చెబుతున్నాయి.

2007లో ఇంగ్లండు, బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలవారు కలిసి 153 మంది రోగుల మీద ఇంకా పెద్ద పరీక్ష చేశారు. ఫిజియోథెరపిస్టులు రోగుల ఇళ్లకే వెళ్లి మూడు వారాలు నేర్పారు. చప్పుడుగాని, వెలుగుగాని, చర్మానికి తెలిసే అదురుగాని ఏది కుదిరితే అది వాడుకొన్నారు. సగటున వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు, అడుగు పొడవు 4 సెంటీమీటర్లు పెరిగాయి. కాళ్లు అతుక్కుపోయేవారికి ఆ బాధ కొంచెం తగ్గింది. ఇవి మరీ పెద్ద అంకెలు కావు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. పైగా శిక్షణ ఆపిన ఆరు వారాలకు మళ్లీ చూస్తే, ఆ లాభం చాలావరకు తరిగిపోయింది.

2019లో థాట్ బృందమే మరో పరీక్ష ఫలితం ప్రకటించింది. అంతకు ముందు పడిపోయిన అలవాటున్న 60 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు 24 వారాలూ ఆపకుండా తాళంతో నడిచింది. రెండో జట్టు మధ్యలో, 8వ వారం నుంచి 16వ వారం దాకా ఆపింది. ఆపకుండా చేసినవారే తక్కువగా పడ్డారు. కాబట్టి ఇది ఒకసారి మింగి మరిచిపోయే మాత్ర కాదు. కొనసాగిస్తేనే ఫలితం ఉంటుంది.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

మొదట డాక్టరుకు చూపించి, జబ్బు అదేనని రూఢి చేసుకోవాలి. వీలైతే ఫిజియోథెరపిస్టు చేత ఒకటి రెండుసార్లు నేర్పించుకోవాలి. ఆ తర్వాత ఇంట్లోవారు ఇలా చేయవచ్చు.

ముందు లెక్క. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకొని, వసారాలోనో, హాల్లోనో అడ్డం లేని చోట పెద్దవారిని వారి ఇష్టమొచ్చినట్టు నడవమనండి. పిల్లవాడొకడు గడియారం పట్టుకొని అర నిమిషంలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టాలి. 48 పడ్డాయనుకోండి. రెండింతలు చేస్తే నిమిషానికి 96. అదే వారి సొంత తాళం.

తర్వాత చప్పుడు. సెల్‌ఫోనులో మెట్రోనోమ్ ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని 96కు పెట్టండి. ముందు నడవనివ్వకండి. నిలబడి వినమనండి. తల ఊపనివ్వండి, ఒక కాలి నుంచి మరో కాలికి బరువు మార్చనివ్వండి. తాళం ఒంటికి పట్టిన తర్వాత ఒక్కో టక్‌కు ఒక్కో అడుగు. మడమ ముందు ఆనాలి. చూపు ఎదురుగా ఉండాలి. మొదట్లో పది నిమిషాలు చాలు. అలవాటయ్యాక మెల్లగా అరగంటకు పెంచండి.

కొన్నాళ్లకు నడక సులువైతే తాళాన్ని 5 శాతం, ఆ తర్వాత 10 శాతం పెంచవచ్చు. 96 అనేది 101, తర్వాత 105 దాకా పోతుంది. కాని కాళ్లు అతుక్కుపోయే బాధ ఉన్నవారికి పెంచవద్దు. వారికి 10 శాతం తగ్గించి, 86 దగ్గర పెట్టడం క్షేమం. ఇక్కడే చాలామంది పొరబడతారు. చప్పుడు వేగంగా పెడితే మనిషి వేగంగా నడుస్తాడనుకొంటారు. అలా చేస్తే అడుగులు ఇంకా పొట్టివై, ఉరుకు ఎక్కువై, పడిపోతాడు. మనకు కావలసింది తొందర కాదు, పెద్ద అడుగు. "తాళానికి అడుగు, పెద్ద అడుగు" - ఈ మాటే చెబుతూ ఉండాలి.

కాళ్లు ఆగిపోయినప్పుడు లాగవద్దు, అరవవద్దు. మీరు కూడా ఆగండి. "పర్వాలేదు, నిదానం" అనండి. నిటారుగా నిలబడి ఒక ఊపిరి తీసుకోమనండి. బరువు ఒక పక్కకు, మరో పక్కకు మార్చమనండి. అప్పుడు చప్పట్లు కొడుతూ "ఒకటి, రెండు, మూడు" అనండి. మూడు అన్నప్పుడు పెద్ద అడుగు. గుమ్మం ముందు రంగు టేపు అడ్డంగా అంటిస్తే, దాన్ని దాటినట్టు అడుగు వేయడం కూడా కొందరికి సులువవుతుంది. వెనక్కి తిరిగేటప్పుడు నిలుచున్నచోటే గిర్రున తిరగనివ్వకండి. చుట్టూ తిరిగి రానివ్వండి.

తోడుండేవారు పక్కన, అర అడుగు వెనకగా నడవాలి. రోడ్డు మీద చెవుల్లో తీగెలు పెట్టుకొని నడిపించకండి. బండి హారను వినపడదు. మెట్ల మీద, తడినేల మీద ఈ అభ్యాసం వద్దు. నడుస్తున్నప్పుడు సంగతులడగడం, చేతిలో టీ గ్లాసు పెట్టడం కూడా వద్దు. రెండు పనులు ఒకేసారి వారికి కష్టం.

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ పెద్దాయన ఒకప్పుడు టైలరు. గదిలో నుంచి వసారాలోకి రావాలంటే గుమ్మం దగ్గర అయిదు నిమిషాలు పట్టేది. ఇంట్లో అందరూ తలో మాటా అనేవారు. ఫోను చప్పుడు ఆయనకు రుచించలేదు. పదేళ్ల మనవడు మాత్రం తాతగారి కుట్టు మిషను చప్పుడు నోటితో అనుకరిస్తూ స్టూలు మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. "ఇది నా మిషను చప్పుడే" అంటూ ఆయన అడుగు వేశాడు. జబ్బు పోలేదు. కొన్ని రోజులు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కాని రోజూ అస్ర్ తర్వాత తాతా మనవడూ వసారాలో నడుస్తారు. ఆ ఇంట్లో అరుపులు తగ్గాయి. నాకు అది చిన్న ఫలితంగా కనిపించలేదు.

మన ఇళ్లలో వచ్చే సందేహాలు

సంగీతం విషయంలో మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ చేసే అర్హత నాకు లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పద్ధతికి పాటలూ వాయిద్యాలూ తప్పనిసరి కావు. గడియారం లాంటి టక్ టక్ చాలు. చప్పట్లు చాలు. నోటితో అంకెలు లెక్కపెట్టినా చాలు. ఇష్టమైన పాట ఉన్నవారికి దాని తాళం వారి అడుగుకు సరిపోతే మంచిదే. వద్దనుకునేవారికి చికిత్సలో లోటేమీ రాదు.

నమాజు గురించి చాలామంది అడుగుతారు. నిలబడలేని మనిషి కూర్చొని చదువుకొనే సౌకర్యం మన ధర్మంలో ఉన్న సంగతి అందరికీ తెలుసు. దాన్ని వాడుకోవడం సిగ్గు కాదు. సజ్దా నుంచి ఒక్కసారిగా లేస్తే ఈ రోగుల్లో కొందరికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అటువంటివారు కుర్చీ వాడుకోవడమే క్షేమం. వుజూ చేసే తడి చోట ఒకరు తోడుండాలి. పక్కన నిలబడ్డవారు తొందరపెట్టకూడదు.

రంజాను విషయం ఇంకా ముఖ్యం. లీవోడోపా వేళకు పడాలి. పూటలు తప్పితే కాళ్లు బిగుసుకుపోతాయి. మందు ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. రోగికి ఉపవాసం విషయంలో ఇచ్చిన మినహాయింపు మీకు తెలియనిది కాదు. కాబట్టి నెల రాకముందే డాక్టరునూ, మీరు నమ్మే ఆలింనూ కలిసి అడిగి తేల్చుకోండి. సొంత నిర్ణయం చేసుకోకండి. అలాగే దూలగొండి గింజల్లో ఈ మందు సహజంగా ఉంటుందని విని, పొడి కొనుక్కొని మింగేవారున్నారు. అందులో ఆ పదార్థం ఉన్న మాట నిజమే. 1937లో మద్రాసు శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేసి చూపించారు. కాని ఏ చెంచాలో ఎంతుందో ఎవరికి తెలుసు? డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు.

ఒక హద్దు కూడా చెప్పాలి. తాళం జబ్బును నయం చేయదు. చచ్చిన కణాలను బ్రతికించదు. మందుకు బదులు కాదు, మందుకు తోడు మాత్రమే. అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరికి తాళం పట్టుకోవడమే కష్టం. చెవుడు ఉన్నవారికి, మతిమరుపు ముదిరినవారికి అంతగా ఉపయోగపడదు. నాలుగైదు వారాలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోతే రోగిని నిందించకండి. నేల మీది గీతల వంటి ఇతర పద్ధతులున్నాయి. నేర్పేవారిని అడగండి.

సంఘానికి నా మనవి

అధ్యక్షులవారు అనుమతిస్తే మూడు విన్నపాలు చేస్తాను. ఒకటి, సంఘం హాలు సాయంత్రాల్లో ఖాళీగానే ఉంటుంది. వారానికి రెండు రోజులు ఒక గంట నడక కోసం పెద్దలకు ఇవ్వండి. నేను వచ్చి ఉచితంగా నేర్పుతాను. ఆడవారికి వేరే వేళ పెట్టవచ్చు. రెండు, మస్జిదు కమిటీవారితో మాట్లాడి, వుజూ చోట పట్టుకోవడానికి గోడకు ఒక పైపు, గుమ్మం దగ్గర నేల మీద ఒక రంగు గీత వేయించండి. ఖర్చు తక్కువ. మూడు, మన యువకులు కొందరు ఈ లెక్కా తాళం నేర్చుకొని, ఇల్లు కదలలేని పెద్దల దగ్గరికి వెళ్లండి. డబ్బు సాయం చేయలేని కుర్రవాడు కూడా అరగంట చప్పట్లు కొట్టగలడు.

ఇక్కడ కూర్చున్న మనందరికీ నడక నేర్పినవాళ్లున్నారు. రెండు చేతులూ చాచి, చప్పట్లు కొట్టి, మనం ఒక్కో అడుగూ వేస్తుంటే ఆగి చూసి, మనల్ని పిలిచినవారే. ఆనాడు వారు మనల్ని లాగలేదు, తొందరపెట్టలేదు. ఇప్పుడు ఆ చప్పట్ల వంతు మనది.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్నీ, మనకు ఓర్పునూ ప్రసాదించుగాక.